రాయి దొరకని సీమలో రాతి గుళ్ళు

(అమలాపురంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండి. అధ్యక్షులవారు పరిచయం చేస్తూ నన్ను చరిత్రకారుడు అనేశారు. అంత పెద్ద మాట నాకు మోయలేని బరువు. కాలవల మీద ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. లాకులు, తూములు, ఏటిగట్లు, పూడికతీత... జీవితమంతా వీటితోనే సరిపోయింది. అందుకని ఏ పాత గుడికెళ్ళినా నాకు ముందొచ్చే అనుమానాలు వేరు. దీన్ని దేంతో కట్టారు, ఆ సరుకు ఎక్కణ్ణుంచి తెచ్చారు, ఈ బురదనేల మీద ఇన్నాళ్ళూ ఎలా నిలబడింది? "గుళ్ళోకొచ్చి దేవుడికి దణ్ణం పెట్టకుండా ఆ స్తంభాలు తడుముతారేంటి" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఇవాళ నా మాటలన్నీ ఆ తడుముడు గురించే.

ముందు మీకో ప్రశ్న. మీలో ఈమధ్య ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. పునాది తవ్వినప్పుడు ఎవరికైనా రాయి తగిలిందా? తగల్లేదు కదూ. కాస్త తవ్వితే ఒండ్రు, ఇంకాస్త తవ్వితే ఇసుక, ఆ తరవాత నీళ్ళు. మనకి కంకర కావాలన్నా, గుమ్మం ముందు వేసుకునే బండ కావాలన్నా మెట్ట నుంచి లారీ రావాల్సిందే. గోదారి పక్కన ఆఖరి కొండ ధవళేశ్వరం దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి అంతర్వేది సముద్రం దాకా నది తెచ్చి పోసిన మట్టే తప్ప సొంత రాయి లేదు. అలాంటి నేల మీద ద్రాక్షారామం ఉంది, పాలకొల్లు గోపురం ఉంది, ర్యాలి విగ్రహం ఉంది, పలివెల ఉంది. అంటే ఇక్కడ కనబడే ప్రతి పాత రాయీ ఎక్కణ్ణుంచో వచ్చిందే. మోసుకొచ్చినవాళ్ళు ఉన్నారు, మోయించినవాళ్ళు ఉన్నారు. డెల్టాలో తిరిగేటప్పుడు ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే, రోజూ చూసే గుడే వేరుగా కనిపిస్తుంది.

కార్తీకమాసం వచ్చిందంటే పంచారామాలకి స్పెషల్ బస్సులు బయలుదేరతాయి. తెల్లవారుజామున అమరావతిలో మొదలుపెట్టి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం చుట్టేసి రాత్రికి సామర్లకోటలో తేలతారు. అయిదు క్షేత్రాలూ ఒక్కరోజులో అయిపోతాయి. పుణ్యానికి లోటేమీ ఉండదు. కానీ ఆ రోజంతా మీరు చూసేది ముందున్నవాళ్ళ వీపులు. అందుకని ఇంకో దారి చెప్తాను. నీళ్ళు పారిన వరసలో పోదాం. మెట్ట అంచున మొదలుపెట్టి, గోదారి పాయల్లో ముందు గౌతమి దాటి, మన కోనసీమ మీదుగా వైనతేయ దాటి, వసిష్ఠ దాటి నరసాపురంలో తేలే దారి. తీరుబాటుగా రెండుమూడు రోజులు పెట్టుకోండి.

ధవళేశ్వరం గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు కదల్లేను. ఉప్పు తిన్న శాఖ మరి. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్టకి ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారంటే, నది అక్కడ లంకల మధ్య పాయలుగా విడిపోయి వెడల్పుగా, లోతు తక్కువగా పారుతుంది. పైగా రాయి పక్కనే కొండలో ఉంది. ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటిది. పాత ఆనకట్ట మాత్రం ఇసుక మీద నిలబడ్డ కట్టడం. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలపాలో తమిళదేశంలో కావేరి మీదున్న ప్రాచీన ఆనకట్ట కల్లణను చూసి నేర్చుకున్నామని దీన్ని కట్టించిన కాటనే రాశాడు. మనం కాటన్ దొరకి విగ్రహాలు పెట్టుకున్నాం, స్నానం సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. చెప్పుకోవాల్సిందే, తప్పులేదు. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. మన దగ్గరికి రాకముందు, 1836లో, ఆయన కొల్లిడం నది మీద లోయర్ ఆనకట్ట కట్టించాడు. దానికి గంగైకొండ చోళపురం గుడి ప్రాకారాన్ని పడగొట్టి ఆ రాళ్ళు పట్టుకుపోయారు. ఆ గుడి కట్టించింది రాజేంద్ర చోళుడు. ఆయన మనవడే కులోత్తుంగుడు, మన రాజరాజ నరేంద్రుడి కొడుకు. ఆ కులోత్తుంగుడి కాలపు శాసనాలు ద్రాక్షారామం నిండా ఉన్నాయి. ధవళేశ్వరంలో కొండ లేకపోయుంటే మన గుళ్ళ ప్రాకారాలు ఏమయ్యేవో! నేను శాఖలో ఉండగా ఈ ముక్క అంటే మావాళ్ళకి నచ్చేది కాదు.

సరే, సామర్లకోట. కుమారారామం. కట్టించింది చాళుక్య భీముడు, 892 నుంచి 922 దాకా వేంగిని ఏలినవాడు. ద్రాక్షారామం కట్టించిందీ ఆయనే అంటారు. రెండు గుళ్ళూ ఒక్క పోత పోసినట్టుంటాయి. రెండంతస్తుల గర్భాలయం, కింది నుంచి లేచి పై అంతస్తు దాకా వచ్చే లింగం. సామర్లకోట లింగం ఎత్తు 14 అడుగులు. కింద చూస్తే మొదలు, మెట్లెక్కి పైకెళ్తే తల. పూజలన్నీ పైనే. అది తెల్లని సున్నపురాయి. ఇలాంటి రాయి పల్నాటి వైపు ఉంది. అమరావతి స్తూపం పలకలు ఆ రకం రాయివే. ఇవి అసలు బౌద్ధులు స్తూపాల వేదికల మీద నిలబెట్టే ఆయక స్తంభాలని, తరవాత లింగాలుగా పూజలందుకున్నాయని కొందరు పరిశోధకులు వాదించారు. కాదన్నవాళ్ళూ గట్టిగానే కాదన్నారు. ఆ తగువులోకి నేను వెళ్ళను. పాతిన చోటు నుంచి పై అంతస్తు దాకా ఒక్కటే రాయి. దాన్ని ముందు నిలబెట్టి, చుట్టూ గుడి కట్టుకుంటూ వచ్చి ఉండాలి. గుడి కట్టేశాక అంత రాయిని లోపలికి తీసుకెళ్ళే దారి ఉండదు. నా చూపు అక్కడే ఆగిపోతుంది. సామర్లకోట గుడి పురావస్తు శాఖ చేతుల్లో ఉండబట్టి గోడల మీద రంగులు పడలేదు. చాళుక్యుల గుడి అసలు ముఖం చూడాలంటే ముందు ఇక్కడికే రండి.

అక్కణ్ణుంచి రైల్లో కాసేపే. బిక్కవోలు. మన జిల్లాల్లో పక్కనే ఉండి కూడా చూడనివాళ్ళు ఎక్కువమంది ఉన్న ఊరు ఇదే. లక్ష్మీగణపతి దగ్గరికి మాత్రం అందరూ వెళ్తారు. ఆయన చెవిలో కోరిక చెప్పుకుంటే తీరుతుందని నమ్మకం. పరీక్షలప్పుడు ఆ చెవి దగ్గర క్యూ చూడాలి! కోరిక చెప్పుకుని బండెక్కి వెళ్ళిపోతారు. మీరు వెళ్ళకండి. 9వ శతాబ్దంలో వేంగిని ఏలిన గుణగ విజయాదిత్యుడికి బిరుదాంకుడని పేరు. ఊరి పేరు ఆ బిరుదు మీదే వచ్చిందంటారు. చాళుక్యుల తొలినాటి గుళ్ళు ఒకేచోట ఇన్ని మనకి ఇంకెక్కడా లేవు. ఊళ్ళో గోలింగేశ్వరం, రాజరాజేశ్వరం, చంద్రశేఖరం. ఊరి బయట పొలాల్లో ఇంకొన్ని. వాటిల్లో ఒకదాన్ని జనం నక్కలగుడి అంటారు.

పొలాల్లోని గుళ్ళకి చేను గట్టు మీద నడిచి వెళ్ళాలి. నాట్ల రోజుల్లో అయితే చెప్పులు చేత్తో పట్టుకోవడమే. చిన్న గుళ్ళు, చదరంగా ఉంటాయి. పైన విమానం మెట్లుమెట్లుగా లేస్తుంది. ఎండ ఏటవాలుగా పడే వేళ గోడ దగ్గరగా నిలబడండి. దేవకోష్ఠం అంటే గోడలో విగ్రహానికి తీసిన గూడు. దానికి రెండు పక్కలా మకరాలు. వాటి నోళ్ళలోంచి తోరణం పుట్టి పైకి లేచి గూటి మీద వంపు తిరుగుతుంది. ఆ మకరం తోక చూడండి. చేప తోకలా మొదలై, పోనుపోను తీగలై, ఆకులై, చివరికి అది జంతువో మొక్కో తెలియకుండా పోతుంది. అక్కడక్కడా సున్నపు పూత మిగిలుంది. పూత ఊడినచోట రాయి గరుకుగా కనిపిస్తుంది. పనితనమంతా రాతిలోనే పూర్తి చెయ్యలేదు. మోటుపని రాతిలో చేసి, నాజూకుపని సున్నంలో తీర్చారు. రాయి దూరం నుంచి తెచ్చుకునేవాడు ఆలోచించే పద్ధతి ఇది. నాకైతే ఇందులో మేస్త్రీ లెక్క కనిపిస్తుంది.

గోలింగేశ్వరంలో శివుడు పార్వతి భుజం చుట్టూ చెయ్యి వేసి నిలబడ్డ విగ్రహం ఉంది. ఆలింగన చంద్రశేఖర మూర్తి. పూజారిగారిని అడిగితే దగ్గరగా చూడనిస్తారు. ఆమె నిలుచున్న తీరులో కాస్త బిడియం, కాస్త ధీమా. వెయ్యేళ్ళ కిందటి శిల్పి పెళ్ళయిన జంటని ఎంత గమనించి ఉంటే అలా చెక్కగలడు! ఇంతకంటే వర్ణించను. మీరే వెళ్ళి చూడండి.

ఇక ద్రాక్షారామం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

వీలుంటే కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం మీదుగా ఊహించుకుంటూ రండి. ఆ పట్టాలకీ ఓ కథ ఉంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇనుము కావాలని 1940లో ఊడబెరికి పట్టుకుపోయారు. మళ్ళీ వేసింది 2004లో. అరవై ఏళ్ళకి పైగా ద్రాక్షారామానికి రైల్లేదు. దానికి ముందు వెయ్యేళ్ళు లేదు, అది వేరే సంగతి.

అందరూ ముందు భీమేశ్వరుణ్ణి, మాణిక్యాంబని దర్శించుకుంటారు. చీకటిగా ఉండే కింది ప్రదక్షిణ మార్గంలో ఓ చుట్టు తిరుగుతారు. బయటికొచ్చి కొబ్బరికాయ ముక్కలు తింటూ మండపంలో కూర్చుంటారు. వీపు ఆనించుకున్న ఆ స్తంభం మీదే శాసనం ఉంటుంది. ఒకటీ రెండూ కాదు, గుడి మొత్తం మీద వందల శాసనాలున్నాయి. 11, 12 శతాబ్దాల ఆంధ్రదేశం గురించి రాసే ఏ చరిత్రకారుడూ ఈ గుడి గడప తొక్కకుండా పుస్తకం పూర్తి చెయ్యలేడు. కులోత్తుంగుడి కాలానివి ఉన్నాయి. వెలనాటి చోడులవి ఉన్నాయి. కళింగ గాంగులవి ఉన్నాయి. కొన్నేళ్ళు వేంగి కల్యాణి చాళుక్యుల చేతికి పోయినప్పుడు, వాళ్ళ విక్రమ శకంలో తేదీలు వేసినవీ ఉన్నాయి. రాజ్యం ఎవరిదైనా, పై అధికారి మారినా, భీమేశ్వరుడి గుడి గోడ మీద రాయించుకోవడం మాత్రం ఎవరూ మానలేదు.

ఏం రాయించారు? యుద్ధాలు గెలిచామనా? ఎక్కువ భాగం దీపాల గురించి. అఖండదీపం. రాత్రీ పగలూ ఆరకూడదు, సూర్యచంద్రులున్నంత కాలం వెలగాలి. దానికి రోజూ నెయ్యి కావాలి. దాత ఏం చేస్తాడంటే, సాధారణంగా యాభై గొర్రెలు ఇస్తాడు. వాటిని ఒక బోయకి, అంటే మంద కాచేవాడికి, అప్పజెప్తారు. ఫలానా బోయ, అతని కొడుకులు, మనవలు రోజూ మానెడు నెయ్యి గుడికి కొలవాలి. గొర్రెలు ఈనుతాయి, చస్తాయి. మందలో లెక్క మాత్రం యాభైకి తగ్గకూడదు. అందుకే వాటిని ఇనుప ఎడ్లు అని రాయించారు, అరగనివి అన్నమాట. పిల్లల మీద, ఉన్ని మీద వచ్చేది బోయకి. నెయ్యి దేవుడికి. అసలు కదలకుండా వడ్డీతో దీపం వెలుగుతుంది. మన ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటి ఏర్పాటు. ఎక్కువ గొర్రెలిచ్చినవాడికి ఎక్కువ దీపాలు.

దాతల్లో రాణులున్నారు, మంత్రులున్నారు, సేనాపతుల భార్యలున్నారు, వర్తకులున్నారు, గుడి సానులున్నారు. ఆడవాళ్ళ పేర్లు ఇన్ని ఒకేచోట, అదీ సొంత ఆస్తి ఇచ్చినవాళ్ళుగా కనిపించడం నన్ను ఇప్పటికీ ఆపేస్తుంది. మన ఇళ్ళల్లో ముత్తవ్వ పేరు అడిగితే చెప్పలేం. ఆవిడెవరో తొమ్మిదొందల ఏళ్ళ కిందట దీపం పెట్టించింది, ఆవిడ పేరు ఇవాళ్టికీ రాతి మీద ఉంది.

చదవడం ఎలా అంటారా? కొంచెం సాధన ఉంటే మొదటి ముక్కలు దొరుకుతాయి. 'స్వస్తి శ్రీ' అని మొదలవుతుంది. 'శకవర్షంబులు' అన్నచోట ఆగండి. అంకె దొరికితే దానికి 78 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. శక 1000 అంటే 1078. కులోత్తుంగుడు చోళ సింహాసనం ఎక్కి అప్పటికి ఎనిమిదేళ్ళు. టార్చి తీసుకెళ్ళండి, సెల్‌ఫోన్ లైటైనా చాలు. అయితే ఎదురుగా వేస్తే అక్షరం కనబడదు, రాయి మెరుస్తుందంతే. లైటుని స్తంభానికి ఆనించినట్టు పక్కనుంచి వెయ్యండి. గాట్లలో నీడ పడి, అప్పటిదాకా నున్నగా కనిపించిన రాయి మీద వరసలు వరసలుగా అక్షరాలు లేచి నిలబడతాయి. తలకట్టు ఇప్పటి మన తలకట్టుకి తాతలా ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్తే ఈ పని వాళ్ళకి అప్పజెప్పండి, వాళ్ళ కళ్ళకే ముందు దొరుకుతాయి. ఫొటోలకి మాత్రం ముందుగా అడిగి అనుమతి తీసుకోండి.

ఇక్కడ ఓ బాధ కూడా చెప్పుకోవాలి. మన సీమలోనే ఓ గుళ్ళో, ఊరి పేరు చెప్పను, శాసనమున్న స్తంభానికి మెరిసే ఎనామిల్ రంగు వేశారు. చేసినవాళ్ళది భక్తే, దురుద్దేశం కాదు. ఉత్సవాలొస్తున్నాయి, గుడి కళకళలాడాలి. కానీ గాట్లలోకి రంగు దిగి గట్టిపడ్డాక, మీరు ఏ లైటు ఎలా వేసినా ఏమీ లేవదు. రాయి కొనుక్కోగలం, లారీ పెట్టి తెప్పించుకోగలం. రాత మాత్రం తెప్పించుకోలేం. మీ ఊరి గుడి కమిటీల్లో ఉన్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే ఈ ముక్క చెవిన వేసుకోండి. రంగు వేసేముందు ఓసారి స్తంభాన్ని చేత్తో తడమండి. గాట్లు తగిలితే ఆగండి.

ద్రాక్షారామం నుంచి కోటిపల్లి దగ్గరే. సోమేశ్వరుణ్ణి చూసి రేవు దగ్గరికి వెళ్ళి ఏరు దాటించే పంటు ఎక్కండి. వంతెన మీదుగా చుట్టూ తిరిగి రాకండి దయచేసి. మోటారు సైకిళ్ళు, కొబ్బరి బస్తాలు, పెళ్ళివాళ్ళు, అన్నీ కలిసి గౌతమి దాటుతాయి. అవతల ముక్తేశ్వరం. నది మధ్యలో ఉన్నప్పుడు రెండు గట్లూ చూడండి. ఇక్కడి పెద్ద గుళ్ళు చాలావరకు ఏదో ఒక పాయకో, పాత పాయకో దగ్గర్లో ఎందుకున్నాయో అప్పుడు తెలుస్తుంది. తీర్థమహిమ సంగతి స్థలపురాణం చెప్తుంది. బరువు సంగతి నేను చెప్తాను. ఎడ్లబండి మీద ఈ ఒండ్రులో వానాకాలం రాయి మోయడమంటే చక్రాలు ఇరుసు దాకా దిగిపోతాయి. పడవ మీదైతే ప్రవాహమే మోస్తుంది.

ఇక మన కోనసీమ. ఇల్లు అలికినంత తొందరగా చెప్పేస్తాను, మీ ఊళ్ళు మీకే చెప్పనక్కర్లేదు. అయినవిల్లి, మురమళ్ళ, అప్పనపల్లి, అన్నీ మీకు తెలిసినవే. రెండు చోట్లు మాత్రం ఎత్తి చూపిస్తాను. ఒకటి ర్యాలి. జగన్మోహినీ కేశవస్వామి, ముందు విష్ణువు, వెనక మోహిని, ఒకే నల్లరాయి. పూజారిగారు దీపం పట్టుకుని వెనకవైపు జడ, నగల చెక్కడం చూపిస్తారు. దీపం కదిలేకొద్దీ జడ పాయలు కదిలినట్టుంటాయి. చూసొచ్చి పక్కనే ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కోకపోతే యాత్ర పూర్తయినట్టు కాదు. ఆయ్, అది కూడా చరిత్రేనండి, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రెండోది నందంపూడి. చూడటానికి గుడీ గోపురం ఏమీ వెతక్కండి. 1053లో రాజరాజ నరేంద్రుడు ఆ ఊరిని నారాయణభట్టుకి అగ్రహారంగా ఇచ్చాడు. ఆ దానశాసనాన్ని రచించింది నన్నయభట్టు. మహాభారతం తెలుగు చెయ్యడం మొదలుపెట్టిన నన్నయే, తనకి ఆ పనిలో తోడు నిలిచిన మిత్రుడికి రాజు ఊరిస్తుంటే, ఆ పత్రం తానే రాశాడు. బడిలో చదువుకున్న ఆ పెద్దమనిషి చేతిరాత మన కొబ్బరితోటల మధ్య ఒక ఊరి సరిహద్దుల దాకా వచ్చిందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

పి. గన్నవరం. ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. వెయ్యేళ్ళ గుళ్ళతో పాటు ఈ పాత అక్విడక్టుని కూడా నేను ప్రాచీన కట్టడాల లెక్కలోనే వేస్తాను. వైనతేయ పాయ కింద పారుతుంటే, దాని మీద నుంచి కాలవ దాటుతుంది. నీళ్ళ మీద నీళ్ళు! 1850లలో లెఫ్టినెంట్ హేగ్ అనే ఇంజనీరు కట్టించాడు. 49 ఆర్చీలు. సిమెంటు లేదు, ఇనుప కడ్డీ లేదు. గానుగ సున్నం, నూతి పునాదులు. అవతలి లంక భూముల్లో వరి పండిందంటే దీని మీద దాటిన నీటి వల్లే. దాదాపు నూటయాభై ఏళ్ళు మోసింది. పక్కన కొత్తది కట్టాక, 2000లో దానికి బరువు దిగింది. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆవిడ 1909లో పోయేదాకా వచ్చినవాడికి వచ్చినట్టు అన్నం పెట్టింది. అంతర్వేది యాత్రకి పోయేవాళ్ళు రేవు దాటలేక వరదలో చిక్కుపడితే ఆవిడ పెరడే సత్రం. ఇంజనీరు పేరు కాకుండా అన్నం పెట్టినావిడ పేరు పెట్టడం ఇంజనీరుగా నాకూ నచ్చింది.

ఒక చిట్కా. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు. నీళ్ళు లేని ఆ రోజుల్లో పాత లాకుల అడుగుభాగం, తలుపుల కింద గచ్చు, అన్నీ బయటపడతాయి. కాకినాడలో పడవెక్కినవాడు ఈ లాకులు దాటుకుంటూ ఏలూరు కాలవ, కృష్ణ, బకింగ్‌హాం కాలవల మీదుగా మద్రాసు దాకా పోయిన రోజులున్నాయి. ఇప్పుడు ఆ లాకుల్లో గుర్రపుడెక్క తప్ప పడవ లేదు. ఎండకి భయపడకపోతే చూడటానికి అదే మంచి టైము.

మామిడికుదురు దగ్గర ఆదుర్రు. రాయి లేని సీమకి అసలు సిసలు జవాబు ఇదే. బౌద్ధులు రాయి కోసం వెతకలేదు. ఉన్న మట్టినే కాల్చి ఇటుకలు చేశారు. మహాస్తూపం పునాది బండి చక్రం ఆకారంలో ఉంటుంది, మధ్యలో ఇరుసు, ఆకులు, చుట్టూ వలయం, నాలుగు దిక్కులా ఆయక వేదికలు. ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపితే బరువు సమంగా పరుచుకుంటుంది, ఇటుకా ఆదా అవుతుంది. మెత్తటి నేల మీద బరువైన కట్టడం నిలపడానికి మేం ఇప్పుడు చేసే లెక్కల్లోనూ ఆ తెలివే ఉంది. ఆ ఇటుక చేత్తో కొలిచి చూడండి, మన ఇటుక దాని ముందు పిల్లకాయ. పాత ఊళ్ళల్లో ఏ దిబ్బ దగ్గరైనా మన పెద్దవాళ్ళు ధనం ఉందని తవ్వేవాళ్ళు. పిఠాపురం పక్కన కొడవలిలో అయితే ఆ చోటిని ధనందిబ్బ అనే పిలిచారు. అక్కడ బయటపడింది మాత్రం బౌద్ధ అవశేషాలు, శాతవాహన రాజు చండసాతి ప్రాకృత శాసనం.

అంతర్వేది, ఆ తరవాత సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం, అక్కణ్ణుంచి పాలకొల్లు, భీమవరం. చకచకా చెప్పేస్తాను, టైము అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. అంతర్వేది ఇప్పటి గుడి 1823 నాటిది. కట్టించింది రాజు కాదు, కొపనాతి కృష్ణమ్మగారు, ఓడల మీద సంపాదించిన మనిషి. 2020లో రథం కాలిపోతే జనం ఎంత తల్లడిల్లిపోయారో మీకు గుర్తుండే ఉంటుంది, మరుసటి ఏడు కొత్త రథం వచ్చింది. నరసాపురం, పాలకొల్లు ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు బట్టల కోసం కాపుకాసిన ఊళ్ళు. పాలకొల్లు తొమ్మిదంతస్తుల గోపురం వసిష్ఠ గట్టు వైపు నుంచి వచ్చేటప్పుడు ముందు కొబ్బరిమట్టల పైన కనిపిస్తుంది. భీమవరంలో గునుపూడి సోమేశ్వరుణ్ణి పౌర్ణమికి ఓసారి, అమావాస్యకి ఓసారి చూడమంటారు, లింగం రంగు మారుతుందని. ఆ గుడి పై అంతస్తులో అన్నపూర్ణమ్మ ఉంటుంది. శివుడి తల పైన అమ్మవారి గుడి, ఆ ఏర్పాటు తక్కువ చోట్ల చూస్తాం.

యానాం, కోరంగి వైపు పోవడానికి ఇవాళ వీలుపడదు. 1839 నవంబరు తుపానులో కోరంగి రేవు ఎలా పోయిందన్నది విడిగా ఓ సాయంత్రం మాట్లాడుకోవాల్సిన సంగతి. ఎవరైనా ఏమైనా అడుగుతారా?

(సభలోంచి ఒకరు: పుష్కరాలు వస్తున్నాయి కదండీ, అప్పుడే ఇవన్నీ చూసేస్తే రెండు పనులూ అయిపోతాయి కదా?)

2027లో కదండీ. స్నానానికి రండి, తప్పకుండా రండి. స్తంభాలు చూడాలంటే మాత్రం అప్పుడు వద్దు. 2015లో నేను గట్టు డ్యూటీ చూశాను, ఆ పన్నెండు రోజులూ గుళ్ళో నిలబడటానికే చోటుండదు, లైటు ఆనించి చదివేది ఎక్కడ? సంక్రాంతి వెళ్ళాక, మాఘంలో వెళ్ళండి. వారం మధ్యలో వెళ్ళండి.

(ఇంకొకరు: పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చాండీ?)

బిక్కవోలు పొలం గట్లు వాళ్ళకి కష్టం, ఊళ్ళో గుళ్ళు చాలు. సామర్లకోటలో మెట్లున్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద మొదలు చూసి దణ్ణం పెట్టుకోవచ్చు. ద్రాక్షారామం సులువే. పంటు ఎక్కడం దిగడం దగ్గర చెయ్యి పట్టుకునే మనిషి ఉండాలి. సాయంత్రం ఆఖరి పంటు ఎన్నింటికో పొద్దున్నే రేవులో కనుక్కోండి. వరద నీరు ఎర్రగా తిరిగిందంటే ఆపేస్తారు, అప్పుడిక రావులపాలెం మీదుగా చుట్టూ తిరిగి రావాల్సిందే.